పై గిన్నె తిండిది

అమ్మలూ, ఇందాక నీకు ఫోన్ చేయబోయాను. లేత చిక్కుడుకాయలు దొరికాయే, రేపు వస్తే వండి పెడతాను అని చెబుదామని. చెయ్యి ఫోన్ దాకా వెళ్ళాక గుర్తొచ్చింది.

మా అమ్మాయిని ఇంట్లో అమ్మలూ అనే పిలిచేవాళ్ళం. మొన్న శ్రావణంలో పోయింది. జ్వరమని తణుకులో చూపించుకుంది. తగ్గకపోతే రాజమండ్రి తీసుకెళ్ళారు. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. నేను పక్కనే ఉండి, కాస్త తేరుకుందనిపించాక బట్టలు తెచ్చుకుందామని ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్న అన్నం వారుస్తుంటే అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యా" అన్నాడు. గంజి కారుతున్న గిన్నె నా చేతిలోనే ఉంది. అంత వంటింట్లో దాన్ని దించడానికి నాకు చోటు కనబడలేదు.

నేను ఐదో తరగతితో చదువు ఆపేశాను. రాయడం అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఆ పిల్ల మమ్మల్ని అప్పుల్లోంచి ఎలా బయటికి లాగిందో చెప్పాలని ఉంది. మా ఇంటి లాంటి ఇళ్ళు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

మాకు ఊరి చివర కొంత పొలం, ఇంటి వెనక ఒక ఎకరం. అందరూ తవ్విస్తున్నారని ఊరి చివరి పొలాన్ని మేమూ రొయ్యల చెరువులు చేశాం. ఇంటి వెనక ఎకరంలో మాత్రం వరి ఉంచాం. మా తిండిగింజలు దానివే. మొదటి పంటకి డబ్బులు కళ్ళజూశాం. అది చూసుకుని ఇంటి మీద మేడ మొదలుపెట్టాం. ఆ తర్వాత పంటకి తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్య చచ్చిపోయింది. దాని తర్వాతదీ అంతే. రొయ్యల మేత అమ్మే కొట్టాయన మేత అరువిచ్చేవాడు. రొయ్యల పట్టుబడి అయ్యాక సరుకు ఆయనే కొనుక్కుని, తన బాకీ పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు. పంట పోయినప్పుడల్లా ఆ బాకీ మేం రాసిచ్చిన అప్పు నోటు మీదకి ఎక్కేది. ఆయనకి వడ్డీ కట్టడానికి నా హారం బ్యాంకులో పెట్టాం. హారం మీది వడ్డీకి ఆడవాళ్ళ గ్రూపులో అప్పు తీశాం. గ్రూపుకి వారం వారం కట్టడానికి ఇరుగుపొరుగు దగ్గర చేబదుళ్ళు. ఎక్కడెంత ఉందో మా ఆయనకి సగం తెలుసు, నాకు సగం తెలుసు. ఆ రెండు సగాలూ కలిపి చూసుకునే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు.

మా వైపు ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపరు. అప్పు అడగడానికొచ్చినా సరే. మేత కొట్టాయన ఆదివారాలు వచ్చేవాడు. ఆయనా మా ఆయనా ఒకరినొకరు బావగారూ అనుకుంటారు, నన్ను అక్కా అంటాడు. ఆయన బండి వీధి మలుపులో కనబడగానే మా ఆయన సంచీ పట్టుకుని వెనక గుమ్మంలోంచి చేపలకి వెళ్ళిపోయేవారు. కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, ముద్దపప్పులో ఆవకాయ, గడ్డ పెరుగు. అన్నీ అరువు తెచ్చినవే. ఆయన కడుపారా తిని, తాంబూలం వేసుకుని, "ఇంకోసారి మాట్లాడుకుందాం లెండి" అని వెళ్ళిపోయేవాడు. ఈ వారం గడిచిందని మేం ఊపిరి పీల్చుకునేవాళ్ళం. మర్యాద చేస్తున్నామనుకున్నాం. మా భయాన్ని విస్తట్లో వడ్డిస్తున్నామని తెలియలేదు.

మా అమ్మాయి తణుకులో జాకెట్లు కుట్టేది. అల్లుడు రైసుమిల్లులో పని. ఆదివారాలు స్కూటీ మీద వచ్చి చూసిపోయేది. చూసిందంతా మనసులో పెట్టుకుంది కాబోలు. ఒక ఆదివారం మేత కొట్టాయన తింటూ తింటూ ఒక మాటన్నాడు. ఇంటి వెనక ఎకరం తనకి రాసిచ్చేస్తే లెక్క చాలావరకు సరిపోతుందట. మా ఆయన తలొంచుకుని నీళ్ళు పోస్తున్నారు. పెరుగు గిన్నె తీసుకుని మా అమ్మాయి ఆయన ముందుకొచ్చింది.

"పెరుగు వేసుకోండి మావయ్యగారూ. మొత్తం ఎంతైందో చెప్పండి."

"తిన్నాక మాట్లాడుకుందాం తల్లీ."

"తిన్నాక మీరు వెళ్ళిపోతారండి. ఎన్నాళ్ళనుంచో చూస్తున్నాను."

ఆయన చెయ్యి విస్తట్లో ఆగింది. అంకె చెప్పాడు. వినగానే మా ఆయన తువ్వాలు దులపడం మొదలుపెట్టారు, దుమ్మేం లేకపోయినా. నాకు మాత్రం గుండెల మీంచి బరువేదో దిగినట్టయింది. అంకె పెద్దదే. కానీ రోజూ మనసులో తిరిగే అంకె అంతకంటే పెద్దది. ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఎకరం మాత్రం రాసివ్వం అని మా అమ్మాయి చెప్పేసింది. అసలంతా ఇస్తామంది, చెరువులు వేరే వాళ్ళకి లీజుకిచ్చి ఆ డబ్బు ఆయనకే కడతామంది, ఈ రోజు నుంచి వడ్డీ ఆపమంది.

"వడ్డీ ఆపితే నేనేం తినాలమ్మా?" అన్నాడాయన.

"ఇప్పుడు తిన్నారు కదండీ."

ఆయన నవ్వాడు. వడ్డీ ఆపలేదు గానీ సగానికి దించాడు. మనిషి చెడ్డవాడు కాదు. మేం అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు, అంతే.

ఆ తర్వాత నా హారం సంగతికొచ్చింది. అమ్మేసి బ్యాంకు బాకీ తీర్చేద్దామంది. నేను ఏడ్చాను. మా అమ్మ పెట్టిన హారం అది. "అది పెట్టుకుని నువ్వు ఆఖరిసారి అద్దంలో చూసుకున్నది ఎప్పుడమ్మా?" అనడిగింది. గుర్తురాలేదు. మెడలో లేని నగకి ఏడాదేడాదీ వడ్డీ కడుతున్నామని అప్పుడు అర్థమైంది. అమ్మిన రోజు దగ్గరుండి నాకు పూలు కొనిపెట్టి, హోటల్లో పెసరట్టు ఉప్మా తినిపించి ఇంటికి తీసుకొచ్చింది.

అన్నిటికంటే కష్టమైంది క్యారేజీల విషయం. చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి గదుల్లో ఉంటారు, తిండికి అవస్థ పడతారు. వాళ్ళకి క్యారేజీలు కట్టి పంపమంది. నా చెవులు మూసుకున్నాను. వరి పండించే ఇళ్ళలో అన్నం అమ్ముకోరు. మా అత్తగారు బతికుంటే ఆ మాటకే స్నానం చేసొచ్చేవారు.

"వడ్లు అమ్ముతున్నాం. బియ్యం అమ్ముతున్నాం. ఉడికిస్తేనే తప్పొచ్చిందా?" అంది మా అమ్మాయి. "ఆదివారం ఆదివారం అరువు తెచ్చి ఊరికే పెడుతున్నావు కదా. అదే వంట డబ్బులకి పెట్టు."

మొదటి నెల మా ఆయన క్యారేజీలు బండికి తగిలించుకుని కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవారు, ఊళ్ళో ఎవరి కంటా పడకూడదని. కుర్రాళ్ళకి అన్నం చల్లారిపోయి అందేది. ఒకతను వేడిగా ఉండట్లేదని ఫోన్ చేశాడు. దాంతో మర్నాటి నుంచి మెయిన్ రోడ్డు మీదుగానే వెళ్ళారు. వెనకింటావిడ, "మీ ఇంట్లో కూడు అమ్ముతున్నారట" అని దెప్పింది. ఆవిడ కొడుక్కి జాండిస్ వచ్చినప్పుడు పథ్యం క్యారేజీ మా దగ్గరే కట్టించుకుంది. కొన్నాళ్ళకి మా ఆయన ప్రతి గుమ్మం ముందూ హారన్ కొట్టడం మొదలుపెట్టారు. హారన్ వినగానే కుర్రాళ్ళు కంచాలు కడుక్కునేవారు.

డబ్బులు పెట్టడానికి మా అమ్మాయి పాత స్టీలు క్యారేజీ ఒకటి తీసింది. నాలుగు గిన్నెలది. అడుగు గిన్నెలో జ్వరాలకీ జబ్బులకీ. దాని మీదది మేత కొట్టాయనది. మూడోది గ్రూపుదీ చేబదుళ్ళదీ. పై గిన్నె తిండిది. డబ్బు వచ్చిన రోజు ముందు పై గిన్నె నింపాలి, ఆ తర్వాతే మిగతావి. పై గిన్నెలోంచి కిందకి ఒక్క రూపాయి దిగకూడదు. అదీ ఆమె పెట్టిన కట్టుబాటు.

ఒక వానాకాలం క్యారేజీలు తగ్గిపోయాయి. మా ఆయన ఎవరికీ చెప్పకుండా పై గిన్నె డబ్బు తీసి బాకీకి కట్టేశారు. ఆ వారమంతా గొడ్డుకారం, మజ్జిగతో గడిపాం. ఆదివారం వచ్చిన మా అమ్మాయి కంచాలు చూసింది. తిట్టలేదు. అక్కడే కూర్చుని మేత కొట్టాయనకి ఫోన్ కలిపింది. ఈ నెల మొత్తం ఇవ్వలేమనీ, వచ్చే నెల కలిపి ఇస్తామనీ ముందే చెబుతున్నామంది. ఆయన సరేనమ్మా అన్నాడు. మేం వారం రోజులు మాడ్చుకున్న కడుపుకి అవతలివైపు నుంచి ఒక్క సరే వచ్చింది. ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగింది.

"మనం తినడం మానేస్తే ఆయనకేం తెలుస్తుంది నాన్నా? మాట చెబితే తెలుస్తుంది."

మా ఆయన లేచి గుడ్లకి వెళ్ళారు. ఆ పూట అందరం గుడ్ల పులుసుతో తిన్నాం.

నాకు ఇంకో కట్టుబాటు పెట్టింది. క్యారేజీలు ఇల్లు దాటకముందే నేను తినాలి. మా ఇళ్ళల్లో వండిన మనిషే ఆఖర్న తింటుంది, అడుగూ బొడుగూ. ఆమె వచ్చిన రోజు పొయ్యి గట్టు మీద కంచం పెట్టి, "ముందు నువ్వు తిను" అని పక్కనే నిలబడేది. నిలబడే తినేదాన్ని. "కూర్చో" అనేది. రాని రోజు ఫోన్ చేసి ఏం కూరతో తిన్నానో అడిగేది. అబద్ధం చెబితే పట్టేసేది.

మెల్లగా గ్రూపు అప్పు తీరింది. చేబదుళ్ళు తీరాయి. మేత కొట్టాయన నోటు మీద అంకె కిందకి దిగుతూ వచ్చింది. కిందటేడు ఆయనే ఒక క్యారేజీ కట్టమని అడిగాడు, వాళ్ళావిడ పుట్టింటికి వెళ్ళిందని. మా ఆయన డబ్బులు వద్దనబోయారు. మా అమ్మాయి ఆయన ఎదురుగానే, "నెల మొదట్లోనే ఇచ్చేయాలండీ మావయ్యగారూ, మాకు అరువు లేదు" అంది. ఆయన పగలబడి నవ్వి జేబులోంచి తీసిచ్చాడు. ఆ డబ్బు తిన్నగా పై గిన్నెలోకి వెళ్ళింది.

ఆ రోజే నాతో అంది, మేత కొట్టు బాకీ తీరిపోయి ఆ గిన్నె ఖాళీ అయిన రోజున క్యారేజీ శుభ్రంగా తోమి, నాలుగు గిన్నెల్లోనూ వంటలు సర్దుకుని తణుకు రమ్మని. మన ఎకరం బియ్యం అన్నం కావాలి, అందరం కూర్చుని తిందాం అంది.

పెద్దకర్మ రోజున మేత కొట్టాయన వచ్చాడు. తినలేదు, ఓ పక్కన కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, మిగిలిన కాస్తా వదిలేస్తానక్కా, నోటు చింపేస్తానన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"వద్దు తమ్ముడూ," అన్నాను. "తనుంటే ఒప్పుకోదు. నెలనెలా ఇస్తాం."

మా ఆయన నా వంక చూశారు. కాదనలేదు. మర్నాడు పొయ్యి వెలిగించాను. బంధువులు తప్పుపట్టారు, ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు కదా అన్నారు. గదుల్లో కుర్రాళ్ళు అన్నం కోసం చూస్తుంటారు కదా. కూర కలుపుతుంటే కళ్ళు మసకలు కమ్మేవి. ఉప్పు రెండుసార్లు పడిన రోజులున్నాయి. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చేవి.

సార్వా వరి కోతలు అయ్యాక ఆఖరి కిస్తీ కట్టేశాం. ఆయన నోటు తిరిగిచ్చాడు. మా ఆయన దాన్ని పొయ్యిలో పెట్టి, కాలేదాకా చూసి, బయటికెళ్ళి కాలవ దగ్గర చాలాసేపు కూర్చున్నారు. నేను క్యారేజీ తోమాను. ఇంటి వెనక ఎకరం కొత్త బియ్యంతో అన్నం వండాను. కొత్త బియ్యం కదా, కాస్త ముద్దయింది. చిన్నప్పటి నుంచీ ఆమెకి అలా ముద్దయితేనే ఇష్టం. వంకాయ కూర, ముద్దపప్పు, పెరుగు. నాలుగు గిన్నెలూ సర్దుకుని బస్సెక్కి తణుకు వెళ్ళాం. దారంతా క్యారేజీ ఒళ్ళోనే పెట్టుకున్నాను. వేడి చీరలోంచి తెలుస్తూనే ఉంది.

అల్లుడు కిటికీ దగ్గర ఆమె కుట్టుమిషన్ కదపలేదు. సూది కింద పచ్చ జాకెట్టు గుడ్డ ఉంది, సగం చెయ్యి కుట్టి ఆగినట్టే. ఆ కిటికీ ఎదురుగా చాప పరిచాడు. నేను అందరికీ వడ్డించబోతే గరిటె నా చేతిలోంచి తీసుకున్నాడు. నా కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి, "ముందు మీరు తినండి అత్తయ్యా" అన్నాడు.

కూర్చున్నాను. తిన్నాను. మొదటి ముద్ద దిగలేదు, రెండోది దిగింది. ఎండ కిటికీలోంచి ఆ పచ్చ గుడ్డ మీద పడుతోంది.

ఇంతవరకూ చదివారు. ఏ వేళైందో ఏమో. వెళ్ళి అన్నం తినండి. కూర్చుని, కడుపు నిండా తినండి.