ఎల్లర్‌బెక్ ఇంటివాళ్ళం

ఆ మధ్య అన్నయ్యను తెనాలిలో నరాల డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు, కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ఆయన పేరు కంప్యూటరులోకి ఎక్కిస్తూ, ఇంటిపేరు దగ్గర చెయ్యి ఆపి, తలెత్తి, "ఇదేం ఇంటిపేరండీ, ఎప్పుడూ వినలేదు" అంది. ఆ మాట వినగానే నేను అలవాటు కొద్దీ అన్నయ్య వైపు తిరిగాను. ఎందుకంటే మా చిన్నప్పటినుంచీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ఆయనదే. బస్సులో పక్కన కూర్చున్నవాడు అడిగినా, రేషను షాపులో అడిగినా, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అడిగినా, చేతిలో పని పక్కనపెట్టి, గొంతు సవరించుకుని, వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నా సరే మొదటినుంచీ చెప్పుకొచ్చేవాడు. ఆరోజు మాత్రం పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. నేనే, "మా ముత్తాత నాటిదమ్మా" అని ఊరుకున్నాను. ఆ అమ్మాయి కూడా ఇంకేమీ అడగలేదు. టోకెను చేతిలో పెట్టింది, లోపలినుంచి పిలిచినప్పుడు నంబరుతోనే పిలిచారు.

మా పుట్టింటి ఇంటిపేరు ఎల్లర్‌బెక్. రేపల్లె, దాని పక్క నగరం అనే ఊరి వైపు పాతకాలం వాళ్ళు మమ్మల్ని ఎల్లరబెక్కు వారనేవాళ్ళు, ఇంకా ముద్దొస్తే దొరగారి వాళ్ళనేవాళ్ళు. నల్లగా నిగనిగలాడే మమ్మల్ని చూసి దొరగారి వాళ్ళనడంలో వెటకారం ఎంతో, ఆప్యాయత ఎంతో నాకు ఇప్పటికీ తేలదు. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఎవరైనా కొత్తవాళ్ళు కనబడితే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత వరస ఏమవుతుందో తేల్చుకుని గానీ మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళం కాదు. మాతో మాత్రం ఎవరికీ వరస కలిసేది కాదు. ఆ ఇంటిపేరు గలవాళ్ళు మేం తప్ప చుట్టుపక్కల ఎక్కడా లేరు మరి.

అన్నయ్య చెప్పే కథ ఇది. మా ముత్తాత జర్మనీనుంచి వచ్చిన ఒక మిషనరీ దొర దగ్గర బండి తోలేవాడు. బాపట్లనుంచి రేపల్లె పల్లెలదాకా, వానాకాలంలో ఇరుసుదాకా దిగబడే రేగడి దారుల్లో, ఆ దొర వాక్యం చెప్పుకుంటూ తిరుగుతుంటే ఎద్దులనూ దొరనూ కూడా ఈయనే చూసుకునేవాడట. బాప్తిస్మం తీసుకునే రోజున దొర ఆయన తలమీద చెయ్యి పెట్టి, కుమారుడా అన్నాడు. అది అందరినీ అనే మాటే. ఆ ముందు ఆదివారం పదిమందిని అన్నాడు, ఆ తర్వాత ఆదివారం ఇంకో పదిమందిని అని ఉంటాడు. మా ముత్తాత మాత్రం ఆ మాటను మాటగానే పట్టుకున్నాడు. మన దగ్గర ఒకరు ఒకర్ని పదిమందిలో కొడుకా అని తలమీద చెయ్యి పెడితే దాన్ని దత్తత అంటాం, దత్తత వెళ్ళినవాడికి తీసుకున్నవాళ్ళ ఇంటిపేరు వస్తుంది. అందుకని సంఘం పుస్తకంలో రాసుకోవడానికి ఇంటిపేరేమిటని అడిగినప్పుడు, పుట్టి బుద్ధెరిగాక ఎవరి నోటా మర్యాదగా తన ఇంటిపేరు వినని ఆ మనిషి, దొరగారి పేరే తన పేరని చెప్పాడు. దొరకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. నవ్వుకున్నాడో, కళ్ళు తుడుచుకున్నాడో తెలియదు గానీ కాదనలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు దొర విషజ్వరంతో బాపట్లలోనే పోతే, కొడుకు చెయ్యవలసినట్టుగా మా ముత్తాతే మొదటి గుప్పెడు మట్టి వేశాడు. అప్పటినుంచీ ఏటా సమాధుల పండుగకు దొర సమాధికి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించడం మా ఇంటి పని. ముత్తాత తర్వాత తాతయ్య, తాతయ్య తర్వాత నాన్న, నాన్న తర్వాత అన్నయ్య. సున్నం బకెట్టూ కుంచే పట్టుకుని రేపల్లెలో మొదటి బస్సెక్కి వెళ్ళే అన్నయ్య, సాయంత్రం చేతులనిండా తెల్లటి చారలతో తిరిగొచ్చి, ఏదో పెద్ద ఉద్యోగం చేసొచ్చినవాడిలా వీధి అరుగు మీద కూర్చునేవాడు.

యుద్ధం రోజుల్లో ఈ పేరు మూలాన తాతయ్యకు ఒక చిక్కు కూడా వచ్చిపడిందట. జర్మనీ మనిషొకడు ఈ తాలూకాలో దాక్కుని ఉన్నాడని ఎవడో ఆకతాయి పైకి రాసిపడేస్తే, విచారించడానికి ఒక పోలీసు జమేదారు సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. నారుమడిలో మోకాళ్ళదాకా బురదలో ఉన్న తాతయ్యను పట్టుకుని, ఎల్లర్‌బెక్ దొర ఎక్కడని అడిగాడు. తాతయ్య గోచీ సర్దుకుని, "నేనేనండి" అన్నాడు. జమేదారు ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, గట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వి, ఇంట్లో మజ్జిగ తాగి వెళ్ళిపోయాడట. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య తాతయ్యలా నిలబడి గోచీ సర్దుకుని మరీ చూపించేవాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి గానీ, మా ఇంట్లో ఆ పేరుతో నడిచిన అసలు సంగతి ఇంకొకటి ఉంది. రోజూ దీపాలు పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన ఉండేది. చాప వేసుకుని అందరం కూర్చుంటే నాన్న ప్రార్థన చేసేవాడు. పంటలు, పశువులు, జబ్బులు, పరీక్షలు అన్నీ అయ్యాక చివర్లో, దూరదేశంలో ఉన్న మా ఎల్లర్‌బెక్ ఇంటివాళ్ళను చల్లగా చూడు తండ్రీ, మేం ఇక్కడ ఉన్నామని వాళ్ళకు తెలియజెయ్యి అనేవాడు. ఒకే ఇంటిపేరంటే మనకు అన్నదమ్ములే కదా, పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి కూడా పనికిరాని దగ్గరితనం. ఆ లెక్కన జర్మనీలో ఉన్న ఎల్లర్‌బెక్కులంతా నాన్నకు అన్నదమ్ములు. దొర పోయాడనీ, ఆయనకు ఇక్కడ కొడుకు ఉన్నాడనీ వాళ్ళకు కబురు అందిందో లేదోనని ఆయన నిజంగా బాధపడేవాడు. నాన్న పోయాక ఆ వాక్యం అన్నయ్యకు వచ్చింది. ఎప్పటికైనా ఎవరో ఒకరు వచ్చి మనల్ని చూసుకుంటారని ఆయన ఎంత గట్టిగా నమ్మేవాడంటే, ఇంటికి కొత్త మంచం చేయించినప్పుడు, వాళ్ళు పొడుగ్గా ఉంటారు కదా అని ఒక జానెడు ఎక్కువ పెట్టించాడు.

వాళ్ళు వచ్చేలోపు మేమే తగ్గిపోతూ వచ్చాం. నగరం వైపు ఉన్న చిన్నతాతయ్యగారి శాఖలో పిల్లలను బళ్ళో వేసేటప్పుడు, ఈ పేరుతో అయితే కిరస్తానీలని తెలిసిపోయి హాస్టలు సీటు రాదు, స్కాలర్‌షిప్పు రాదు అని హెడ్‌మాస్టరుగారు మంచి మనసుతోనే చెప్పి, ముత్తాతకు ముందున్న పాత ఇంటిపేరు వేశారు. ఆ పిల్లలు చదువుకుని ఉద్యోగాలు చేసి సుఖంగా ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఇంకో శాఖ మగపిల్లలు లేక ఆగిపోయింది. నేను పెళ్ళి చేసుకుని తెనాలి వచ్చి, మావారి ఇంటిపేరుతోనే పంతులమ్మ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అన్నయ్యకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి, అల్లుడు రేపల్లెలో ఆయన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నారు, కానీ ఆ ఇంటి గుమ్మం మీద ఉన్న పేరు అల్లుడిది. అలా చూస్తుండగానే ఈ జిల్లాలో ఎల్లర్‌బెక్ అంటే అన్నయ్య ఒక్కడే అయ్యాడు. ఆయనకేమో మరుపు జబ్బు వచ్చింది.

సరిగ్గా అప్పుడు వచ్చిందండి ఆ మనిషి.

బాపట్లనుంచి పాస్టరుగారు ఫోను చేశారు. జర్మనీనుంచి ఒక పెద్దావిడ వచ్చారనీ, ఆ దొర ఆమె ముత్తాతకు స్వయానా అన్న అనీ, సమాధిని చూడ్డానికి వస్తే సున్నం కొత్తగా ఉందనీ, ఎవరు కొట్టారని అడిగితే మా సంగతి చెప్పాననీ, మర్నాడు రేపల్లె తీసుకొస్తాననీ అన్నారు. ఆ ఏడు సున్నం కొట్టింది నేనూ పెద్దమ్మాయీ, అన్నయ్యను బెంచీ మీద కూర్చోబెట్టి. ఫోను పెట్టేసి వెంటనే బస్సెక్కి రేపల్లె చేరాను.

మర్నాడు పొద్దున అన్నయ్య తెలివిగా ఉన్నాడు. ఆ జబ్బు అంతే, పొద్దున పూట కాస్త తెర తొలగినట్టుంటుంది, పొద్దు వాలేకొద్దీ మళ్ళీ కమ్ముకుంటుంది. నేను పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, "నిజంగానే వచ్చారా అమ్మాయ్?" అన్నాడు. చాలా నెలల తర్వాత నన్ను అమ్మాయ్ అని పిలిచాడు. వలవలా ఏడ్చాడు. తనే లేచి గడ్డం గీయించుకుంటానన్నాడు, ఇస్త్రీ చొక్కా తెమ్మన్నాడు, కోడిని కోయించమన్నాడు, ముత్తాత దత్తత సంగతి ఎలా చెప్పాలో పైకి అనుకుంటూ వీధి వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూ, ప్రభువా, వాళ్ళను తొందరగా తీసుకురా అని మొక్కుకున్నాను. నేను అడిగింది అదొక్కటే.

పదకొండింటికి వస్తామన్నవాళ్ళు మధ్యాహ్నానికీ రాలేదు. ఇంతదూరం వచ్చారు కదా సముద్రం చూపిద్దామని డ్రైవరు ముచ్చటపడి సూర్యలంక తీసుకెళ్ళాడట. రెండో శనివారం కావడంతో గుంటూరునుంచీ తెనాలినుంచీ వచ్చిన కార్లు దారిపొడుగునా అడ్డం పడి ఎటూ కదలనివ్వలేదట. ఎవరిని అనగలం? నేను గంటగంటకూ పాస్టరుగారికి ఫోను చేస్తూ, అన్నయ్య కళ్ళలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోవడం చూస్తూ కూర్చున్నాను. అన్నం తినేటప్పుడు, ఇంత కూర ఎందుకు చేశారు, ఎవరన్నా వస్తున్నారా అని అడిగాడు. నాలుగింటికి చొక్కా విప్పేస్తానని పేచీ పెట్టాడు.

కారు వచ్చి ఆగేసరికి వాకిట్లో నీడలు పొడుగయ్యాయి. ఆమె నిజంగానే పొడుగుమనిషి, తెల్లటి జుట్టు, చేతికర్ర, అన్నయ్య ఈడే ఉంటుంది. ఆమె ఇంగ్లీషు నాకు, నా పంతులమ్మ ఇంగ్లీషు ఆమెకూ బాగానే అర్థమయ్యాయి. వాళ్ళ దేశంలో కూడా ఇంటిపేర్లు మనలాగే ఊళ్ళనుంచి వచ్చాయట. ఎల్లర్‌బెక్ అంటే ఒక వాగు, దాని ఒడ్డున చెట్లు, పక్కన చిన్న పల్లె. అక్కడినుంచి వలస వచ్చినవాళ్ళకు ఆ పేరు పడిపోయింది. ఇప్పుడు వాళ్ళింట్లో ఆ పేరుతో మిగిలింది పెళ్ళిచేసుకోని ఒక చిన్నాన్న కొడుకేనట, వృద్ధాశ్రమంలో ఉన్నాడట. తను కూడా పెళ్ళితో పేరు మార్చుకున్నానని చెప్పి నా చెయ్యి పట్టుకుంది. నేను లోలోపల వరస లెక్కవేసుకున్నాను, నాకు మేనత్త అవుతుంది.

ఆమె కుర్చీ జరుపుకుని అన్నయ్యకు ఎదురుగా కూర్చుంది. నేను చెవిలో చెప్పాను, పెద్దమ్మాయి చెప్పింది, పాస్టరుగారు చెప్పారు. అన్నయ్య మర్యాదగా నమస్కారం పెట్టి, "ఏ ఊరండి మీది?" అన్నాడు. జర్మనీ అని చెప్తే, "అబ్బో, దూరమేనండి. టిఫిన్ చేశారా?" అన్నాడు. అంతే. ఆమె ఇంటిపేరును వాళ్ళ యాసలో నెమ్మదిగా పలికింది, తన గుండెమీద ఒకసారి, ఆయన చేతిమీద ఒకసారి వేలు ఆనించి. అన్నయ్య ఆ వేలి ఉంగరం వంక చూస్తున్నాడు. పొద్దున ఉన్న అన్నయ్యను ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం ఎక్కడినుంచి పట్టుకురాను?

ఇంతలో చర్చి గంట కొట్టారు. ఆ చప్పుడు వినగానే అన్నయ్య చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. మనుషులను మరిచిపోయాడు గానీ ప్రార్థనను మరవలేదు. మేమంతా తలలు వంచాం, ఆమె కూడా వంచింది. పంటలు, పశువులు, జబ్బులు, ఇప్పుడు మా ఇంట్లో లేని గేదెలతో సహా అన్నీ అయ్యాక, చివర్లో, "దూరదేశంలో ఉన్న మా ఎల్లర్‌బెక్ ఇంటివాళ్ళని చల్లగా చూడు తండ్రీ. మేం ఇక్కడున్నామని వాళ్ళకి తెలియజెయ్యి" అన్నాడు. తెలియని భాష మధ్యలో తన పుట్టింటి పేరు వినబడి ఆమె కళ్ళు తెరిచింది. ఏమన్నాడని నన్ను అడిగింది. చెప్పాను. ఎలా చెప్పానో నాకు తెలియదు. ఆమె కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో ఆయన చేతులు పట్టుకుని ఆమేన్ అంది. అన్నయ్య మొహం విప్పారింది. "మీరు కూడా మన సంఘమేనాండీ?" అన్నాడు సంతోషంగా.

ఆమె వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగడం లేదు, అడిగినా వరస కలుపుకోవడానికి కాదు. వీలు దొరికినప్పుడల్లా రేపల్లె వెళ్ళి అన్నయ్య పక్కన కూర్చుంటాను. గంట కొట్టగానే ఆయన చేతులు జోడిస్తాడు, ఆ చివరి వాక్యం దాకా వస్తాడు. వాళ్ళకు తెలిసింది అన్నయ్యా, వచ్చారు, నీ చేతులు పట్టుకుని వెళ్ళారు అని మొదట్లో చెప్పేదాన్ని. విని, అవునా అని ఆశ్చర్యపోయి, మర్నాడు సాయంత్రం మళ్ళీ మొదటిసారి అడుగుతున్నట్టే అడిగేవాడు. ఇప్పుడు చెప్పడం మానేశాను. మేం ఇక్కడున్నామని వాళ్ళకి తెలియజెయ్యి తండ్రీ అని ఆయన అంటాడు, ఆమేన్ అని నేనంటాను.