నూకాలమ్మ వేసిన పదకొండు మార్కులు

మా స్కూలు క్యాంటీన్‌లో చక్కెర లేని టీ దొరకదు. అడిగితే ఇవ్వరని కాదు. "చీనీ ఛాడా దాదా" అని తొమ్మిదేళ్లుగా బెంగాలీలో స్పష్టంగా చెప్తున్నాను. క్యాంటీన్ ఆయన తల ఊపుతాడు, ఒక చెంచా తగ్గించి ఇస్తాడు. మనిషి నోటితో చెప్పేది వేరు, అతనికి కావలసింది వేరు అని ఆయన నమ్మకం. దీని మీద ఫిర్యాదు రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఈలోగా ఇంకో సంగతి రాయవలసి వస్తోంది.

2023 ఏప్రిల్. ఓడలు ఆగే ఖిదిర్‌పూర్ డాక్ గోడకి రెండు వీధుల ఇవతల, ఒక మామూలు ఇంగ్లిష్ మీడియం స్కూల్లో నేను లెక్కల మాస్టర్ని. ఆ ఏడాది మా మేనేజ్‌మెంట్‌కి ప్రతిభ గల పిల్లల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. మూడు, నాలుగు తరగతుల నుంచి పన్నెండు మందిని ఎంచి ఎన్‌రిచ్‌మెంట్ క్లాస్ పెట్టమన్నారు. ఎన్‌రిచ్‌మెంట్ అంటే పై తరగతి పాఠం ముందే చెప్పెయ్యడం కాదు. ఉన్న పాఠాన్నే లోతుగా తవ్వించడం. వారానికి రెండు పీరియడ్లు ఆ పిల్లల్ని మామూలు క్లాసు నుంచి బయటికి పిలిచి చెప్తాం. దాన్ని పుల్‌అవుట్ అంటారు. నాకు ఆ పని అప్పగించారు. అంతకుముందు నాకు అప్పగించిన గొప్ప పని స్పోర్ట్స్ డే నాడు తాడు పట్టుకోవడం, కాబట్టి సంతోషించాను.

ముందు పజిల్ పరీక్ష పెట్టాం. ముప్పై ప్రశ్నలు. మూడో తరగతి శ్రావణికి ఇరవై తొమ్మిది వచ్చాయి. ఆమె తర్వాతి వాడికి ఇరవై రెండు. ఆ తప్పిన ఒక్కటీ ఏమిటా అని చూశాను. క్యూబులు గుట్టగా పేర్చిన బొమ్మ ఇచ్చి ఎన్ని ఉన్నాయని అడిగిన ప్రశ్న అది. జవాబుల కీలో ఉన్నది 14. శ్రావణి "14 నుంచి 17" అని రాసింది. పిలిచి అడిగాను.

"ముందు వరస ఎత్తుగా ఉంది కదా స్యార్. దాని వెనకాల మూడు దాక్కోవచ్చు. మా మేడ మీంచి చూస్తే డాక్‌లో కంటైనర్లు అలాగే ఉంటాయి. నాన్న లెక్క, నా లెక్క కలవవు."

వాళ్ల నాన్న ఆ డాక్‌లోనే ఓడల మీద కంటైనర్లు కదలకుండా బిగించే పని చేస్తాడు. ఎనిమిదేళ్ల పిల్ల తప్పు పట్టింది నా పేపర్‌ని. ప్రశ్న తయారు చేసింది నేనే. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను. బస్సులో పక్కాయన జేబు తడుముకుని కొంచెం దూరం జరిగాడు.

రెండో మెట్టు పేరెంట్ చెక్‌లిస్ట్. ఇరవై వాక్యాలుంటాయి: మీ పిల్ల వయసుకు మించిన ప్రశ్నలు అడుగుతుంది, వస్తువులు ఎలా పనిచేస్తాయో చూడాలనుకుంటుంది, ఇలాంటివి. ఒక్కోదానికి తల్లిదండ్రులు సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వెయ్యాలి. యాభై దాటకపోతే పరీక్ష మార్కు చూడనక్కర్లేదని నియమం. నిపుణులు తయారు చేసిన కాగితమని చెప్పారు. ఆ నిపుణులు ఏ దేశపు తల్లుల్ని చూశారో చెప్పలేదు.

పరీక్షలో పదమూడు వచ్చిన ఒక బాబు తండ్రి, పెద్ద కంపెనీలో మేనేజరు, తొంభై ఎనిమిది వేశాడు. ఆ కాగితం ప్రకారం ఆ బాబు నిద్ర ఒక్కటే మామూలుగా పోతాడు.

శ్రావణి తల్లి నూకాలమ్మ కార్పొరేషన్ మనిషి. పొద్దున్నే విజిల్ ఊదుకుంటూ వీధుల్లో చెత్త బండి నడుపుతుంది. వాళ్లది శ్రీకాకుళం వైపు. డ్యూటీ చీర మీదే వచ్చింది. పక్కన శ్రావణి, రెండు జడలు, ఎడమ చెంప మీద ఇంత కాటుక చుక్క. తల్లికి ఇంగ్లిష్ రాదు కాబట్టి ప్రశ్నలు నేనే తెలుగులో చదివాను. ఇక్కడే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిన తెలుగువాణ్ణి, ఇలాంటప్పుడే పనికొస్తాను.

"పిల్ల వయసుకు మించిన ప్రశ్నలు అడుగుతుందా అమ్మా?"

"అదేటడుగుద్ది బాబూ. ఒట్టి మొద్దు గుంట."

"కొత్త విషయాలు తొందరగా నేర్చుకుంటుందా?"

"నేదు బాబూ. పదిసార్లు సెప్తే గానీ బుర్రకెక్కదు."

"లెక్కలంటే ఇష్టమేనా?"

"ఏటిష్టమో! మీలాటోళ్లు దయుంచి రెండచ్చరాలు సెప్తే అదే సాలు."

శ్రావణి కాళ్లు ఊపుకుంటూ కిటికీలోంచి కాకుల్ని చూస్తోంది. ఆ మాటలు ఆమెకు వాన చప్పుడుతో సమానం. నేను సున్నా, ఒకటి, సున్నా అని వేసుకుంటూ పోయాను. తల్లిదండ్రులు చెప్పింది చెప్పినట్టు రాయాలి, మాట అందించకూడదు అని నియమం. పైగా తెలుగు పిల్లకి తెలుగు మాస్టరు సాయం చేశాడన్న మాట రాకూడదు కదా. అంత నిజాయితీగా నేను జీవితంలో ఏ కాగితమూ నింపలేదు. మొత్తం పదకొండు వచ్చింది. నూటికి.

కమిటీలో మా కోఆర్డినేటర్ శర్మిష్ఠాది, అంటే శర్మిష్ఠ అక్క, ఆ కాగితాన్ని పక్కన పెట్టింది. మంచి మనిషే. ఆ రోజు మాత్రం ఆమెని క్షమించడం కష్టమైంది.

"ఇంటి నుంచి ప్రోత్సాహం లేదు దాదా. తల్లే మొద్దు అంటోంది."

అప్పటికి గాని నాకు వెలగలేదు. చెంప మీద కాటుక చుక్క ఎదురుగా పెట్టుకుని అరగంట కూర్చున్నాను, చూడలేదు. పది మంది ముందు బిడ్డని మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మా వాళ్లు ఎంత భయపడతారో చెప్పాను. మా అమ్మ నా డిగ్రీ పట్టాని పక్కింటివాళ్లకి "ఏదో కాగితం" అని చూపించిందని కూడా చెప్పాను. శర్మిష్ఠాది నవ్వింది. "నజర్ మాకూ ఉంది దాదా. కానీ ఫారంలో దానికి గడి లేదు." మళ్లీ నింపిస్తానన్నాను. కుదరదు, షీటు మేనేజ్‌మెంట్‌కి వెళ్లిపోయింది. పదమూడు బాబుకి సీటు వచ్చింది. ఇరవై తొమ్మిది పిల్లకి రాలేదు. ఆ బాబు తప్పు ఏమీ లేదు. పాపం, ప్రతి గురువారం వచ్చి, పుట్టినరోజు పార్టీలో ఎవరూ పలకరించని చుట్టంలా కూర్చునేవాడు.

నేను అరిచానా? లేదు. అరిస్తే కొంచెం గౌరవం మిగిలేది. "సరే" అన్నాను. పన్నెండు మందిని మేడ మీది గదికి తీసుకుపోతుంటే శ్రావణి మొదటి బెంచీ మీంచి చూసేది. మూడు వారాల తర్వాత చూడడం మానేసింది.

జూలైలో మామూలు క్లాసు పరీక్షలో అలాంటి క్యూబుల ప్రశ్నే మళ్లీ ఇచ్చాను. ఆమె కోసమే ఇచ్చాను. ఈసారి ఒకటే అంకె రాసింది. కీలో ఉన్నది.

"వెనకాల దాక్కున్నవి ఏమయ్యాయి శ్రావణీ?"

"ఉన్నాయి స్యార్. కానీ ఒకటి రాస్తేనే రైటు కదా."

చెప్పడానికి కోపం అనే మాట చిన్నది. ఆ కాగితం రాసినవాళ్ల మీద, దాన్ని కొన్న మేనేజ్‌మెంట్ మీద, ఆ తల్లి మీద కూడా వచ్చింది. ఆగస్టులో, తల్లిదండ్రులు వచ్చే ఓపెన్ డే నాడు నూకాలమ్మ కనబడగానే ఆ కోపంతోనే అడిగాను. "ఇంట్లో శ్రావణి ఎలా ఉంటోందమ్మా?"

"ఎలగుంటాది? పేణాలు తీసీస్తంది! గోడ గడియారం విప్పీసింది. విప్పి, ఒక సక్రం మిగిల్చి బిగించీసింది, అయినా నడుస్తంది. ఆల నాన్న ఓవర్‌టైం సీటీ అదే లెక్కేసి, కూలీల సర్దారు తప్పు రాసినాడని డాక్ గేటు కాడ ఆడితో తగువు. సందమామ మనతో పాటు ఎందుకు నడుస్తాడని బస్సులో అడుగుద్ది. నాకేటి తెలుసు? కండక్టర్ని అడగమన్నాను. నిజంగానే అడిగీసింది!"

చెక్‌లిస్ట్ వాక్యాలు ఇరవై. నూకాలమ్మ ఫిర్యాదులు అంతకంటే ఎక్కువే. కొన్ని ఆ కాగితంలోని వరస కూడా తప్పలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. మీ పిల్ల గొప్పతనం చెప్పండి అని తల్లుల్ని ఇప్పుడు నేను అడగను. మీ పిల్లతో మీ ఇబ్బందులేమిటి అంటాను. అప్పుడు నోరు తెరుచుకుంటుంది. ఖిదిర్‌పూర్‌లో తెలుగు తల్లయినా, బిహారీ తల్లయినా, బెంగాలీ తల్లయినా అంతే. తిట్లు రాసుకుంటాను, వాటిలోనే పిల్లలు దొరుకుతున్నారు. మరుసటి ఏడాది పోట్లాడి చెక్‌లిస్ట్ తీయించాను. శ్రావణి పై గదికి వచ్చింది. బాగా చేస్తోందని అందరూ అంటున్నారు. జవాబు రాసే ముందు ఒకసారి నా ముఖం చూస్తుంది, నాకేది కావాలో కనుక్కుని అది రాస్తుంది. దీనికి కూడా ఏ ఫారంలోనూ గడి లేదు.

అదంతా తర్వాతి మాట. ఆ ఓపెన్ డే నాడు మాత్రం నేను ఉండబట్టలేక, "ఇవన్నీ అప్పుడే చెప్తే మీ అమ్మాయికి సీటు వచ్చేది కదమ్మా, మొద్దు అన్నారేం?" అని గట్టిగానే అడిగాను. ఆమెకి ముందు అర్థం కాలేదు. సీటు పోయింది ఆ మాటల వల్లేనని విడమరిచి చెప్పాను. నూకాలమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"నువ్వూ మనోళ్ల బిడ్డవే గదేటి బాబూ. నాను సెప్పింది సెప్పినట్టు రాసీడానికి మేస్టరెందుకు?"