మూత మీద కూర్చునే పని

రాగితీగ అన్నది ఆమె సొంత పేరు కాదని వేరే చెప్పాలా? మోటార్లు చుట్టే షాపులో పెద్ద మేస్త్రి పెట్టిన పేరది. "సన్నగా ఉంటుంది, ఎటంటే అటు వంగుతుంది, తెంపుదామని చూస్తే మాత్రం మన వేలే తెగుతుంది" అనేవాడాయన. కాలిపోయిన మోటారు పొట్ట విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టడం ఆమె పని. ఫ్యాన్లు, నీళ్ళ పంపులు, పిండిమరలు, ఓసారి ఆసుపత్రి లిఫ్టు, ఆ చుట్టుపక్కల తిరిగేవన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆమె బల్ల మీదికి వచ్చి వెళ్ళినవే. తన ఇంట్లో ఉన్న వాషింగ్ మిషను మీద మాత్రం ఆమెకు చెయ్యి వేసే హక్కు లేదు. అది అక్కది.

అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉంటున్నారంటే పొద్దస్తమానం కబుర్లాడుకుంటూ ఉంటారని మీరనుకుంటే, ఆ ఇంటి గడప మీరెప్పుడూ తొక్కలేదన్నమాట. అక్క ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆవిడకున్న సరదా అంతా గోళ్ళ రంగు. టైపు చేసేవాళ్ళను చూస్తే మొహం కన్నా ముందు చేతులు కనిపిస్తాయని, ముదురు ఎరుపు రంగు సీసా ఒకటి అద్దం దగ్గర ఎప్పుడూ ఉంచుకునేది. రిటైరయ్యాక చూసేవాళ్ళు లేకపోయినా వేసుకోవడం మానలేదు.

రాగితీగ పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటగా ముగిసింది. ఒక సూట్‌కేసు పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడిన రోజు, అక్క సూట్‌కేసును చూసింది, చెల్లెలి మొహం చూసింది. "పక్క గది ఖాళీగానే ఉంది. చెప్పులు బయట వదులు" అంది. అంతే. ఏమైందని అడగలేదు. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ తర్వాత జుట్టు నెరిసేదాకా ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. అయినా రాగితీగ తన మనసులో ఎప్పుడూ సగం గుమ్మంలోనే నిలబడి ఉండేది. అక్క నన్ను కావాలని ఉంచుకుందా, వదిలించుకోలేక ఉంచుకుందా? అడిగితే అక్క ఏమంటుందో తెలుసు. "పనీపాటా లేదా నీకు?" అంటుంది. అందుకే అడగలేదు.

ఇక మిషను. అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నది. లేత ఆకుపచ్చ రంగు, పైన మూత తెరిచి బట్టలు వేసే రకం. ప్లాస్టిక్కు ఇంకా పెత్తనం చెయ్యని రోజులవి కాబట్టి ఒళ్ళంతా ఇనుమే. ఉతకడం దాకా బుద్ధిగానే ఉండేది. నీళ్ళు పిండే స్పిన్ మొదలయిందా, పూనకం వచ్చినట్టు ఊగిపోతూ, దబదబ గచ్చును తన్నుకుంటూ గుమ్మం వైపు నడిచి వచ్చేది. ప్రతి ఆదివారం సరిగ్గా ఆ సమయానికి అక్క గొంతు ఇల్లంతా వినిపించేది.

"చిన్నదానా! మిషను నడిచిపోతోందే, వచ్చి కూర్చో!"

వారమంతా మోటార్ల మధ్య వేగి, ఉన్న ఒక్క సెలవునాడు కాస్త నడుం వాల్చుదామనుకునే మనిషికి అంతకన్నా చేదు పిలుపు ఉండదు. సణుక్కుంటూ వెళ్ళి మూత మీదెక్కి కూర్చునేది. ఆమె బరువుకు మిషను కుదురుకునేది. అక్క ఎదురుగా స్టూలు వేసుకుని, గోళ్ళు చూసుకుంటూ, ప్రతిసారీ అదే ప్రశ్న వేసేది.

"ఈ వారం ఏం చుట్టావే?"

"మోటార్లు."

ఆ ఒక్క మాటతో చెల్లెలి వంతు అయిపోయేది. అప్పుడు అక్క మొదలుపెట్టేది. పై అంతస్తు వాళ్ళ గొడవ, ఆఫీసులో ఎప్పుడో జరిగిన ముచ్చట, చిన్నప్పుడు అమ్మ ఎవర్ని ఎక్కువ తిట్టేదో. మిషను హోరులో సగం మాటలు వినిపించేవి కావు. రాగితీగ ఊఁ కొడుతూ, తన మంచాన్ని తలుచుకుంటూ కూర్చునేది. స్పిన్ ఆగగానే అక్క మాట కూడా ఆగేది. "దిగు, బట్టలారెయ్యాలి" అనేది. మళ్ళీ వారం దాకా ఇద్దరి మధ్యా పాలు, కరెంటు, తాళాలు, అంతే.

పోనీ బాగుచేస్తానని అనలేదా అంటే, అంది. ఓ ఆదివారం స్పానరు పట్టుకుని వెళ్తే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "షాపు పని షాపులో పెట్టుకో. మిషనుకేం కాలేదు. గచ్చే వాలుగా ఉంది" అంది. సరేనని రాగితీగ ఓ అట్టముక్క మడిచి వెనక మూల కింద దూర్చింది. ఆ రోజు మిషను కదలకుండా నీళ్ళు పిండింది. పై వారానికి అట్టముక్క మాయం. "తడిసి కుళ్ళిపోతే తీసి పారేశా" అంది అక్క. ఆవిడతో వాదన పెట్టుకోవడం కన్నా మూత మీద కూర్చోవడమే సుఖమని ఆమె ఊరుకుంది.

ఒక్కసారి మాత్రం, ఆ రోజు మనసు ఎందుకో తేలిగ్గా ఉండి, అడగకుండానే తన పని గురించి చెప్పింది. "అదిరే చోట నట్టు ఎంత బిగించినా వదులైపోతుందక్కా. అందుకని బిగించాక మీద ఓ చుక్క రంగు వేస్తాం. ఆరిందంటే ఇక కదలదు." అక్క గోళ్ళు చూసుకుంటూ ఉంది. ఊఁ అని కూడా అనలేదు. ఈవిడకు చెప్పేకన్నా గోడకు చెప్పుకోవడం నయం అనుకుని రాగితీగ మళ్ళీ నోరు మూసుకుంది.

మంచాన పడ్డ తర్వాత అక్క ఎక్కువ కాలం లేదు. ఆఖరి రోజుల్లో కూడా "నాకెవరూ అక్కర్లేదు, నువ్వు పనికి పో" అనే అంది. అక్క పోయాక వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. ఇంట్లో నిశ్శబ్దం మిగిలింది. మోటార్ల రొదలో బతికే మనిషికి నిశ్శబ్దమంటే హాయిగా ఉంటుందనుకుంటాం. రాగితీగకు అది చెవులు పోటు పెట్టేలా ఉండేది. ఆదివారాలు మరీను. ఎవరూ పిలవరు కాబట్టి మంచం మీద హాయిగా పడుకోవచ్చు. పడుకునేది, నిద్ర పట్టేది కాదు. తన నాలుగు బట్టలూ బకెట్లో ఉతుక్కునేది.

పాత సామాన్లు కొనేవాడు రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏంటమ్మా, ఇంకా ఇవ్వవా? అది మిషను కాదు, తుప్పు. ఉంచుకుని ఏం చేస్తావు?"

"కూర్చుంటాను" అంది రాగితీగ. వాడు నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రమే మిషను వెనక రేకు విప్పింది. అక్క జబ్బు పడ్డప్పటి నుంచీ లోపల తడి బట్టతో మూతపడి ఉండడం వల్ల మిషను లోపలంతా చీకిపోయింది. మోటారు బిగుసుకుపోయింది, స్విచ్చి వేసి చూస్తే తీగ మాడిన వాసన. తొట్టి మధ్యలో అటూ ఇటూ తిరిగే స్తంభం సబ్బు మడ్డి పట్టి ఊడి రానంది. మరిగే నీళ్ళు పోసి, నానబెట్టి, తాడు కట్టి లాగితే ఊడింది. దాని కింద ఏళ్ళ నాటి గుండీలు, పిన్నులు, ఎవరిదో తెలియని గుడ్డపీలిక దొరికాయి. బెల్టు బిస్కట్టులా విరిగింది. దాని కోసం దారంతో కొలత తీసుకుని ఆరు దుకాణాలు తిరిగితే చివరికి పిండిమర సామాన్లమ్మే చోట అలాంటిదే దొరికింది. మోటారును సంచిలో వేసుకుని షాపుకు తీసుకెళ్ళింది.

"ఎవరిదే?" అన్నాడు మేస్త్రి.

"మా అక్కది."

ఆయన మంచి తీగ చుట్ట తీసి ఆమె బల్ల మీద పెట్టి తన పనిలో పడ్డాడు. రాగితీగ ఆ మోటారును చుట్టినట్టు తన జన్మలో మరేదీ చుట్టలేదు. ఒక్క వరస వంకర పోతే మొత్తం విప్పి మళ్ళీ చుట్టింది.

ఇంటికి తెచ్చి బిగించింది. తుప్పంతా గరుకు కాగితంతో గీకి, అదే లేత ఆకుపచ్చ రంగు కలిపించి తెచ్చి వేసింది. ఆదివారం నీళ్ళు పట్టి నడిపింది. ఉతికింది. స్పిన్ మొదలయింది. మిషను ఊగింది, గచ్చును తన్నింది, గుమ్మం వైపు నడిచింది.

రాగితీగ మొహం చిన్నబోయింది. తన పని మీద ఆమెకు నమ్మకం. మోటారులో తేడా లేదు, బెల్టు సరిగ్గా ఉంది, తొట్టి నిలువుగా తిరుగుతోంది. మరెందుకీ కుప్పిగంతులు? గచ్చు వాలుగా ఉందని అక్క అన్నది గుర్తొచ్చి, వాలు ఎంతో చూద్దామని ఓ పళ్ళెం నిండా నీళ్ళు పోసి మిషను ఉండే చోట పెట్టింది. నీళ్ళు అంచుకు సమంగా నిలబడ్డాయి. పళ్ళెం తిప్పి పెట్టింది. అప్పుడూ సమంగానే ఉన్నాయి. గచ్చులో వాలూ లేదు, వంకరా లేదు.

పరుపు తెచ్చి నేల మీద పరిచి, మిషనును మెల్లగా దాని మీదికి పక్కకు వాల్చింది. అడుగున, తిప్పి పొడవు సరిచేసుకుని నట్టుతో బిగించే నాలుగు మరకాళ్ళు. ముందు రెండూ ఒకే పొడవు. వెనక ఒకటీ అంతే. గోడ మూలకు ఉండే నాలుగో కాలు మాత్రం మొదలుదాకా లోపలికి తిప్పేసి ఉంది. అదురుకు అదే తిరిగిపోయిందేమో అనుకుంది. కానీ అదురు నట్టును వదులు చేస్తుంది గానీ బిగించదు. ఈ నట్టు బిగించి ఉంది. బాగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని బిగించినట్టుంది. అంచుల మీద స్పానరు జారిన గీతలు, అలవాటు లేని చేతి గీతలు. నట్టు మీద చిన్న ఎర్రటి మచ్చ. తుప్పనుకుని గోటితో గీకింది. రాలేదు. తడిగుడ్డతో తుడిస్తే నిగనిగలాడింది.

ముదురు ఎరుపు.

రాగితీగ అక్కడే నేల మీద చతికిలబడింది. చిన్నపిల్లలా భోరున ఏడ్చింది. ఆ రోజు అక్క విన్నది. ఊఁ అనకపోయినా ప్రతి మాటా విన్నది. వినంది తనే. అన్ని ఆదివారాలు, అన్ని కబుర్లు, వాటిలో సగం హోరులో పోయాయి, మిగతా సగం తన బద్ధకంలో పోయాయి. కాసేపు వచ్చి నా దగ్గర కూర్చోవే అని అడగడానికి నోరు రాని మొండిఘటం, ఎవరూ చూడనప్పుడు ఒంటరిగా ఈ ఇనప కొండను పక్కకు వంచి, కాలు కురచ చేసి, ఎక్కడ వదులైపోతుందోనని గోళ్ళ రంగు చుక్క పెట్టుకుంది.

"అడిగితే రానా అక్కా?" అంది పైకే. అనేశాక, వచ్చేదాన్నేనా అని తనకే అనుమానమొచ్చింది.

స్పానరు చేతిలోనే ఉంది. కాలు బయటికి తిప్పితే మిషను ఇక జన్మలో కదలదు. షాపుకొచ్చిన ఏ యంత్రానికైనా ఆమె చేసేది అదే. కాలికి పట్టిన తుప్పు తుడిచింది. నట్టు ఇంకాస్త బిగించింది. లేచి వెళ్ళి అద్దం దగ్గర సీసా తెచ్చింది. రంగు గట్టిపడి ఉంటే నాలుగు చుక్కల థిన్నరు కలిపి కరిగించి, పాత మచ్చ మీదే కొత్త చుక్క పెట్టింది. ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.

తర్వాత మిషనును లేపి నిలబెట్టి, అక్క మంచం మీది దుప్పటి తెచ్చింది. అక్క పోయినప్పటి నుంచి ఉతకడానికి చేతులు రాని దుప్పటి అది. తొట్టిలో వేసి నడిపించి, గదిలోకి వెళ్ళి మంచం మీద పడుకుంది. కాసేపటికి దబదబమని చప్పుడు మొదలయింది. ఆమె చెవులు రిక్కించి విన్నది. మిషను నడుస్తోంది, గుమ్మం దాకా వచ్చేసింది. ఎవరూ పిలవలేదు.

తనే లేచి వెళ్ళి మూత మీదెక్కి కూర్చుంది. ఎదురుగా స్టూలు ఖాళీగా ఉంది. ఆ ప్రశ్న వేసేవాళ్ళు లేరు.

"నీ మోటారే చుట్టానక్కా ఈ వారం" అంది హోరుకు మించిన గొంతుతో. ఒక వరస వంకర పోతే మొత్తం విప్పిన సంగతి చెప్పింది. మేస్త్రి మంచి తీగ ఇచ్చిన సంగతి, బెల్టు కోసం తిరిగిన దుకాణాల సంగతి, స్తంభం కింద దొరికిన గుండీల సంగతి చెప్పింది. ఆ సూట్‌కేసు పట్టుకుని వచ్చిన రోజు అసలు ఏం జరిగిందో, ఎవరూ అడగక ఎవరికీ చెప్పుకోని సంగతి, అదీ మొదలుపెట్టింది. మధ్యలో ఎప్పుడో మిషను ఆగిపోయింది. గొంతు తగ్గించాలని కూడా తోచక, ఆమె ఇంకా గట్టిగా చెబుతూనే ఉంది.