గుడారం మేకు

మొన్న ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది ట్రంకుపెట్టె దించితే, మా మనవరాలు నా విలేకరి జీవితపు ఆస్తినంతా చాప మీద పరిచింది. ఓడిపోయిన అభ్యర్థుల బ్యాడ్జీలు, శాసనసభ ప్రవేశపు అట్టముక్కలు, ఒక మంత్రిగారు నా బల్ల మీద మరిచిపోయి మళ్లీ అడగని పొడుం డబ్బీ. వాటి నడుమ తుప్పుపట్టిన ఇనుప మేకు. ఇదెందుకు దాచావు తాతా అంది. మేకు చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడినుంచో తడిసిన గుడారం గుడ్డ వాసన.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఇళ్లు చాలక ఆఫీసులూ, గుమస్తాలూ, కొందరు శాసనసభ్యులూ గుడారాల్లోనే ఉండేవారు. ఎండాకాలం పొద్దున ఆ తెల్లటి వరుసలు దుమ్ములో తేలుతున్నట్టుండేవి. ప్రభుత్వమంతా ఎవరో కంటున్న కలలా అనిపించేది. ఆ కలలో మావాళ్లే ఇద్దరు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, పాలకపక్షం. మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, ప్రతిపక్షం. ఎర్రగుంట్ల దగ్గర ఉమ్మడి బావి నీళ్ల కాడ మొదలైన తగాదా శాసనసభ దాకా వచ్చింది. ఇద్దరికీ మాటల్లేవు. పండగకు ఎవర్ని పిలిచినా రెండోవాళ్లకు కోపమని, కడపలో మా అమ్మ ఇద్దరినీ పిలవడం మానుకుంది.

ఒక మధ్యాహ్నం భోజనాల గుడారంలో అందరూ ఉండగా గాలివాన కొట్టింది. మూల తాడు పట్టుకోబోతే మేకు ఊడి నా చేతికొచ్చింది. నడిమి గుంజ ఒరిగింది. దాని కింద వంటామె, చంకలో బిడ్డ, పక్కన కాగుతున్న గుండిగ. అటునుంచి మామ, ఇటునుంచి చిన్నాయన వచ్చి గుంజను కావలించుకున్నారు. అందరూ బయటపడేదాకా అట్లాగే నిలబడ్డారు. భుజాలు ఆనుకుని, ముఖాలు మాత్రం చెరో దిక్కుకు.

గాలి నిలిచాక చిన్నాయన నన్ను పక్కకు పిలిచాడు. "దీన్ని పేపర్లో ఎయ్యగాకు నాయనా. నేను లొంగిపోయినానని ఊర్లో మనోళ్లు అనుకుంటారు" అన్నాడు. దూరంనుంచి మామ కూడా అవునన్నట్టు తల ఊపాడు. వాళ్లిద్దరూ ఏకగ్రీవంగా ఆమోదించగా నేను చూసిన మొదటి తీర్మానం అదే.

రాయలేదు. చేతిలో మిగిలిన మేకును జేబులో వేసుకున్నాను. కడప వెళ్లినప్పుడు మా అమ్మకు మాత్రం చెప్పాను. ఆమె చేతిలోని చేట పక్కన పెట్టి, "నీ కండ్లతో చూసినావా?" అని అడిగింది. ఓళిగలు చేసి మూటకట్టి, నాతోపాటే కర్నూలు బస్సెక్కింది. చిన్నాయన గుడారంలో పక్కపక్కన రెండు విస్తళ్లు వేసి, మామకు కబురు పంపింది. ఇద్దరూ ఎదురుపడి తటపటాయిస్తుంటే, "నాకు ఇద్దురూ కావల్ల. కూచోండి" అంది, అంతే. తలెత్తకుండా తిన్నారు. గుడ్డలోంచి వడగట్టినట్టు దిగే లేత వెలుగులో ముగ్గురూ నీళ్ల అడుగున కూర్చున్నట్టున్నారు. చివరికి మామ, విస్తరివైపే చూస్తూ, "బావా, పెరుగు ఇట్ల జరుపు" అన్నాడు. చిన్నాయన జరిపాడు. మా అమ్మ ఏదో తెచ్చేదానిలా బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాతా సభలో ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్నారు. పండగలకు మాత్రం ఇద్దరూ ఒకే బస్సు దిగి మా ఇంటికి వచ్చేవారు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. తర్వాత ఒక్కొక్కరుగా ఆ ముగ్గురూ వెళ్లిపోయారు. నేను ఉరుకులు పరుగుల మీద పేపరుకు టెలిగ్రాములిచ్చిన ప్రసంగాల్లో ఇప్పుడొక్క వాక్యమూ గుర్తు రాదు. కాలం పెద్ద మాటలన్నీ ముందుగా పట్టుకుపోయి, చిన్న మాటలను ఎందుకో నా దగ్గరే వదిలేసింది.