అత్త దిగిన శ్రుతి

గిటార్లు బాగుచేసే ఆవిడ పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, ఒంటికన్నుతో దాని మెడ వంపు చూస్తుంది. లావు తీగ పక్కనే సన్న తీగ. ఆ జంటలను అత్తాకోడళ్లంటుంది. సన్నది లావుదాని శ్రుతిని అందుకునేదాకా బిగిస్తూ, ఎక్కడ తెగుతుందోనని ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఈవేళ మూడో జంటలో కోడలు టప్పున తెగింది. సాయంత్రమే కచేరీ, ఇంట్లో మిగిలింది ఒక్క కొత్త సన్న తీగ.

“కోడలికి ఓర్పు తక్కువ,” అంది ఆవిడ అత్తగారు, కిటికీ దగ్గర బఠానీలు ఒలుస్తూ.

“అత్త అంత ఎత్తున కూర్చుంటే ఎలా అందుకుంటుంది అత్తయ్యా?”

ఈసారి ముందుగా లావు తీగలన్నిటి శ్రుతినీ, వాటితోపాటు మిగతా సన్నవాటినీ ఒక మెట్టు దించింది. కొత్త సన్న తీగ తెగకుండా వచ్చి కలిసింది. మీటితే, కదిలే నీటి మీద ఎండ పడ్డట్టు గదంతా మెరిసింది.

“ఎవరు దిగారు?” అడిగింది అత్తగారు.

“అత్తే.”

“సరే, దిగాను,” అంటూ అత్తగారు బఠానీల గిన్నె కోడలి ముందుకు తోసింది. “మిగతావి నువ్వు ఒలువు.”