అన్న కోసం తెచ్చిన డబ్బా

ఉప్పల్‌లో నాచారం బస్సెక్కాను. పక్కనామె ఫోన్‌లో ఒకే ఉత్తరం మళ్లీ మళ్లీ చదువుతోంది. ముఖం పాలిపోయి ఉంటే మంచినీళ్లిచ్చాను. తాగి, తనే చెప్పింది. మందుల కంపెనీ ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా కెమిస్టు. ఆ అనుభవం మీదే కెనడాలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకుంది. అది నిజమేనా అని అక్కడివాళ్లు అడిగితే, ఆమె మేనేజరు ‘కెమిస్టు కాదు, హెల్పరు’ అని జవాబు రాశాడట. దరఖాస్తు కొట్టేశారు.

“నేను పోతే పని ఆగుతదని గట్ల రాసిండు గావచ్చు. గాయనకు ఏటా రాఖీ కట్టిన అక్కా. ‘ఫికర్ జెయ్యకు చెల్లె, నేను జూసుకుంట’ అన్నడు. మంచిగనే జూసుకున్నడు!” అని నవ్వింది.

“దేవుడు ఇంకో దారి జూపిస్తడమ్మా,” అన్నాను.

“జూపిస్తడు. గని ఆ కాయితం మీద గూడ మళ్ల గీయననే సంతకం వెట్టాలె గదా!”

నాచారంలో దిగబోతూ సంచిలోంచి ఒక డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది.

“అన్నకు తెచ్చిన. పొద్దున వండినప్పుడు నాకు తెల్వదు. నువ్వు తిను అక్కా.”

దేవుడికి దండం పెట్టుకోనిదే ముద్ద ముట్టని దాన్ని. ఆ మధ్యాహ్నం డబ్బా తెరిస్తే, పులిహోర పక్కన వేయించిన పల్లీలు మెత్తబడకుండా విడిగా పొట్లం కట్టి ఉన్నాయి. చేతులైతే జోడించాను. కృతజ్ఞత మాత్రం నోటికి రాలేదు.