‘చూడుము’ కార్డు గొడవ

మా లైబ్రరీ మేడమీద పాటల గది చూసుకునే ఆవిడని అందరూ కార్డులక్క అంటారు. జుట్టుముడిలో పెన్సిలు, చేతిలో మెత్తటి గుడ్డ, ఎదురుగా చిన్న చిన్న సొరుగుల చెక్క బీరువా. గదిలోని ప్రతి రికార్డుకూ, క్యాసెట్టుకూ, స్వరాల పుస్తకానికీ ఆ సొరుగుల్లో కార్డులుంటాయి. వినకుండా మాత్రం ఆవిడ ఏ రికార్డుకూ కార్డు రాయదు. అట్ట మీద ఒకటి, లోపల ఇంకొకటి ఉండటం బోలెడుసార్లు చూసింది మరి. ఒకసారి ‘పిల్లల పాటలు’ అన్న అట్టలోంచి పళ్ల డాక్టరు ఉపన్యాసం బయటికొచ్చింది. ‘పిల్లల్ని ఏడిపించేవి’ అని కొత్త శీర్షిక పెట్టబోయి, లైబ్రరీ పెద్దసారు కళ్లజోడు పైనుంచి చూసేసరికి ఊరుకుంది.

ఇంట్లోనూ ఆవిడ చెయ్యి ఊరుకోదు. వంటింటి డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దేసింది. అత్తగారితో జరిగిన సంభాషణ నాకు ఆవిడే అభినయంతో సహా వినిపించింది.

“ఏమే, ఉప్పెక్కడ?”

“ఆవాల తర్వాత, అత్తయ్యా.”

“ఆవాలెక్కడ?”

“ఉప్పుకి ముందు.”

“బాగుంది! నేను అఆలు దిద్దుకుని వచ్చేలోపు కూర మాడి బొగ్గవుతుంది.”

“మా ఆయన్ని కూడా వరసలో పెట్టేదాన్నే కానీ, ఒక్కడే ఉన్నాడు” అని ముగించి కార్డులక్క నవ్వింది.

ఆ గదిలో రికార్డులు ఒకప్పుడు అద్దాల బీరువాల్లో, తాళాల వెనక ఉండేవి. చీటీ రాసిస్తే అటెండరు తెచ్చిచ్చేవాడు. “పేరు తెలిసినవాడే కదండీ చీటీ రాసేది! తెలియనివాడు ఏం విని చావాలి?” అంటూ కార్డులక్క పెద్దసారు చెవిలో జోరీగలా పోరి పోరి చివరికి తాళాలు తీయించింది. అట్ట మీద బొమ్మ బాగుందని చేతికందిన రికార్డు పట్టుకుపోయి, దాంతో సంగీతం అంటుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే పెద్దసారు ఊరికే ఒప్పుకోలేదు. తనిఖీలో ఒక్క రికార్డు చోటు తప్పినా మళ్లీ తాళమే అన్నారు.

తప్పింది. అదీ తనిఖీ ఇంకా రాకముందే, మాటిమాటికీ ఒకే రికార్డు.

ఆ రికార్డు మీద పేర్లున్న ఇద్దరూ ఈ ఊళ్లోనే ఉంటారు. ఒకాయన పాడతారు, ఒకాయన ఫిడేలు వాయిస్తారు. పాటాయన భార్య ఫిడేలాయనకి సొంత అక్క. రికార్డు అమ్ముడుపోకపోవడంతో నీ గొంతు వల్లంటే నీ ఫిడేలు వల్లని బావాబావమరుదులు మాటలు మానుకున్నారు. ఒకళ్లు వచ్చే పూట రెండోవాళ్లు ఈ మేడ ఎక్కరు.

నేను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూల కూర్చుని ఉండగా, ఫిడేలాయన ఆ రికార్డుని దినపత్రికలో చుట్టి, బావ పేరున్న అర నుంచి తన పేరు ఉండాల్సిన అర దాకా దొంగపిల్లిలా నడిచారు. మర్నాడు పాటాయన వచ్చి, దగ్గుతూ, అటూ ఇటూ చూస్తూ వెనక్కి తెచ్చుకున్నారు. సంగతి చెబితే కార్డులక్క ఫిడేలాయన్ని సొరుగు దగ్గరే పట్టుకుంది.

“ఏంటి బాబాయ్ గారూ ఈ పని?”

ఆయన సొరుగు లాగి, తన పేరున్న కార్డు మీద వేలు పెట్టారు. కింద ‘చూడుము’ అని, దాని పక్కన బావగారి పేరు. అంటే రికార్డు ఆయన అరలో ఉంది, అక్కడ వెతుక్కోండని.

“నా పేరు వెతుక్కుంటూ వచ్చినవాడు ఆయన్ని చూడాలా? ఎందుకు చూడాలి? ఏముందని చూడాలి?”

“వస్తువుకి చోటు ఒకటే కదండీ. కార్డులు ఎన్నయినా రాస్తాను.”

“అయితే ఆయన కార్డు మీద రాయి, చూడుము అని. నన్ను చూడమను!”

పాటాయనకి ఈ కబురు చేరింది. “వాణ్ణి చూడాలా? పెళ్లిలో చూశాను, చాల్లే” అన్నారు.

పోనీ అక్షరక్రమంలో ఎవరు ముందైతే వాళ్ల దగ్గర పెడదామంటే, ఓడిపోయే ఆయన అక్షరక్రమమే తప్పన్నారు. ఈలోపు పెద్దసారు బల్ల మీద కొత్త తాళం వచ్చి కూర్చుంది. ధర చీటీ కూడా ఊడలేదు. “వచ్చే వారం తనిఖీ” అన్నారు దాన్ని ముద్దుగా నిమురుతూ. కింద ఆయన గదిలోంచి మేడెక్కి వచ్చిన కార్డులక్క ముఖంలో ఆ పూట నవ్వు లేదు.

సాయంత్రం ఆ రికార్డు మొదటినుంచీ చివరిదాకా పెట్టింది. మళ్లీ పెట్టింది. ఉన్నట్టుండి పెన్సిలు చేతిలోకి వచ్చింది. “అడుగున ఇంకోటి మోగుతోంది, వింటున్నారా?” అంది. విన్నాను. పాట వెనక, ఫిడేలు వెనక, హార్మోనియం మీద ఒకే స్వరం, కదలకుండా, మెదలకుండా. అట్ట మీద దాని ఊసే లేదు.

పాటాయన్ని అడిగింది. “అదా? మా ఆవిడ. ఊరికే శ్రుతి పట్టింది.”

ఫిడేలాయన్ని అడిగింది. “మా అక్కలెండి. ఖాళీగా ఉంది కదా అని కూర్చోబెట్టాం.”

ఇద్దరి నోటా పేరు చెప్పించుకుని, ఇద్దరి కార్డుల మీదా ‘చూడుము’ అని రాసి, ఆవిడ పేరు తగిలించింది. రికార్డుని తీసుకెళ్లి ఆవిడ పేరు రాసిన కొత్త అరలో పెట్టింది.

“ఇలా చేయొచ్చా అక్కా?” అన్నాను.

“ముఖ్యంగా ఎవరు వినిపిస్తే వాళ్ల పేరు కింద పెట్టమని కార్డుల రూల్లోనే ఉంది. ఆ పెద్దమనిషి ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు. ఈ పెద్దమనిషి తీగ బిగించుకోడానికి ఆగాడు. ఆగనిది ఆవిడొక్కతే. ఇంకెవరు ముఖ్యం?”

తనిఖీ రోజున బావాబావమరుదులు ఇద్దరూ దిగారు. తాళం పడితే రికార్డు ఎవరి పేరు కింద చిక్కుకుపోతుందోనని భయం కాబోలు. కార్డు చదివారు. అర దాకా వెళ్లారు. ఫిడేలాయన చెయ్యి రికార్డు దాకా వెళ్లి ఆగింది.

“తియ్యి, తియ్యి” అన్నారు పాటాయన, ఎన్నేళ్లకో నోరు విప్పి. “మీ అక్కతో నేను చెప్తాగా.”

“నువ్వే తియ్యి బావా. రాత్రికి అన్నం ఎవరు పెడతారో చూద్దాం.”

పెద్దసారు జాబితా పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ చేతులు కట్టుకుని ఆ అరకి కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉన్నారు. ఆయన ఒక్కో అరా చూసుకుంటూ పోయారు. ఒక్క రికార్డు కూడా చోటు తప్పలేదు. కొత్త తాళాన్ని చివరికి తన సైకిలుకి వేసుకున్నారు.

తన పేరు మీద లైబ్రరీలో ఏదో ఉందట అంటూ పాటాయన భార్యే స్వయంగా వచ్చారు తర్వాత. వెనకాల మొగుడూ తమ్ముడూ, ఒకరి భుజం ఒకరికి తగలనంత దూరంలో. కార్డులక్క కుర్చీ వేసి, హెడ్‌ఫోన్లు పెట్టి, రికార్డు తిప్పింది. ఆవిడ కళ్లు మూసుకుని రెండువైపులా పూర్తిగా విన్నారు.

“ఎలా ఉందే?” అన్నారు పాటాయన.

“ఎలా ఉందక్కా?” అన్నారు ఫిడేలాయన.

ఆవిడ తీరిగ్గా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు.

“శ్రుతి శుభ్రంగా ఉంది. మధ్యమధ్యలో మీరిద్దరే అడ్డం పడుతున్నారు.”

కార్డులక్క చెయ్యి జుట్టుముడిలోని పెన్సిలు మీదికి వెళ్లింది. “అది రాయకమ్మా!” అన్నారు బావాబావమరుదులు ఒక్క గొంతుతో.